మగతనంపై అభ్యంతరాలు స్వీకరించబడును

ఆ పొద్దున ఆకాశం మబ్బేసుకుని ఉంది. కురిసేదీ కాదు, పోయేదీ కాదు. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసుకున్న వాళ్ళందరం పట్టాల అంచులు చేత్తో పట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డాం. అప్పుడు ఫోను మోగింది. టౌన్లో మా సంఘం గుమాస్తా. అత్యవసర కార్యవర్గ సమావేశం, పదకొండు గంటలకు, విషయం ఫోన్లో చెప్పేది కాదు అన్నాడు. పట్టా మా ఆవిడ చేతికిచ్చి బస్సెక్కాను.

మా సంఘం గురించి ఒక మాట చెప్పాలి. అరవై ఏళ్ళ కిందట మా వాళ్ళ పిల్లలు కాలేజీ చదువుకని టౌనుకి వస్తే గది ఇచ్చినవాడు లేడు. గేటు దగ్గరే నిలబెట్టి "మీరెవరు?" అని అడిగేవారు. చెబితే గేటు మూసేవారు. అప్పుడు పెద్దలు ఊరూరా తిరిగి, తలా ఇంత వేసుకుని, నలభై మంచాల హాస్టలు కట్టారు. లోపలికి రాగానే గోడ మీద నీలం రంగుతో పెద్ద అక్షరాలు రాయించారు: "ఈ ఇంట్లో ఎవరినీ మీరెవరు అని అడగరు." ఆ హాస్టల్లో చదివినవాళ్ళు టీచర్లయ్యారు, గుమాస్తాలయ్యారు, తహశీల్దార్లయ్యారు. తరువాత సంఘానికి కార్యవర్గం వచ్చింది. కార్యవర్గంలో పదకొండు మంది. నేను గ్రామీణ ప్రతినిధిని. పదేళ్ళుగా ఉన్నాను. ఈ పదేళ్ళలో సమావేశాల్లో నేను మాట్లాడింది రెండుసార్లు. ఒకసారి ఫ్యాను వెయ్యమన్నాను. ఇంకోసారి ఆపమన్నాను.

నేను వెళ్ళేసరికి బల్ల మీద ఒక దినపత్రిక, దాని మీద గాజు బరువు, చుట్టూ పదిమంది. శవపంచనామాకు కూర్చున్నట్టు కూర్చున్నారు.

పత్రికలో ఉన్నది మా వార్షికోత్సవం ఫోటో. మా హాస్టలు పిల్లల డప్పు దళానికి జిల్లాలో పేరుంది. ఆట ముగిశాక, ముందు వరసలో కొట్టే ఎలీషా రొప్పుతూ నిలబడితే, పక్కవాడు గురునాథం తన కండువాతో వాడి ముఖం తుడుస్తున్నాడు. అదీ ఫోటో. ఇద్దరూ నవ్వుతున్నారు. అది అచ్చయి అప్పటికి అయిదు రోజులు. మూడు రోజుల పాటు దాన్ని అధ్యక్షులవారే కత్తిరించి నోటీసు బోర్డుకి అంటించి, వచ్చినవాళ్ళకల్లా చూపించారు. నాలుగో రోజు ఆయన ఒక పెళ్ళికి వెళ్ళారు. పంక్తిలో పక్కన ఇంకో కులసంఘం కార్యదర్శి కూర్చున్నాడు. పప్పుకీ సాంబారుకీ మధ్య అతను, "మీ పిల్లలు మరీ సుకుమారంగా పెరుగుతున్నారండీ" అన్నాడట. అధ్యక్షులవారు సాంబారు వేయించుకోకుండా లేచి వచ్చేశారు.

మా అధ్యక్షులు జీవరత్నం గారు. డిప్యూటీ తహశీల్దారుగా రిటైరయ్యారు. ఆయన మామూలుగా మంచినీళ్ళు అడిగినా ప్రొసీడింగ్స్ లాగా ఉంటుంది.

"సోదర సభ్యులారా, లోకం మనల్ని భూతద్దంలో పెట్టి చూస్తున్నది. ఇతరులు చేసినచో అది అలవాటు. అదే మనం చేసినచో అది నేరము. కావున మనం అలవాట్లు కూడా లేకుండా జీవించవలసి ఉన్నది" అన్నారు.

కార్యదర్శి కరుణాకరం గారు లాయరు. ఫోటోలో ఉన్నది నేరమా, లోపమా, కేవలం ఆభాసమా అన్నది ముందు తేలాలన్నారు. దేవసహాయం మేస్టారు హైస్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరైనాయన. ఆయనకి తేల్చడానికేమీ కనబడలేదు.

"మగాడి చెమట మగాడే తుడుచుకోవాల. ఇంకొకడు తుడిస్తే అది చెమట కాదు" అన్నారు.

మరి ఏమవుతుందో ఎవరూ అడగలేదు. గంటన్నర చర్చించి తీర్మానం చేశారు. నియమావళిలో పద్నాలుగు (బి) అని కొత్త క్లాజు పెట్టారు. సంఘం ఆవరణలో ఏ ఇద్దరు మగవాళ్ళ మధ్యనైనా కనీసం ఒక మూరెడు దూరం ఉండాలి. మూర ఎవరి చేతిదన్న విషయం మీద ఇంకో అరగంట గడిచింది. దేవసహాయం మేస్టారి చెయ్యి పొడుగు, లాయరు గారిది పొట్టి. రెండూ కొలిచి, కూడి, సగం చేసి, ఆ కొలతకి వెదురు బద్దలు నాలుగు కోయించారు. గోడ మీది నీలం అక్షరాల కింద చిన్నగా, "సంఘ నియమావళి 14(బి)కి లోబడి" అని రాయించాలని కూడా తీర్మానించారు. రిజిస్టరు చేతులు మారింది. నాది ఆరో గడి. సంతకం పెట్టాను.

మర్నాటి నుంచి వాచ్‌మన్ వెదురు బద్ద పట్టుకుని తిరగడం మొదలెట్టాడు. భోజనాల వరసలో పెట్టి చూసేవాడు, కుళాయిల దగ్గర పెట్టి చూసేవాడు. మంచాల దగ్గరకొచ్చేసరికి చిక్కొచ్చింది. హాల్లో నలభై మంచాలకి జానెడు జానెడు సందు ఉంది. మూర చొప్పున జరిపితే ఇరవై మూడు పట్టాయి. మిగిలిన పదిహేడు మందీ వసారాలో చాపలేసుకోవాల్సి వచ్చింది. వసారా వెడల్పు తక్కువ. పదిహేడు మంది ఒకళ్ళనొకళ్ళు కరుచుకుని, ఒకడు పక్కకి తిరిగితే అందరూ తిరిగేట్టుగా పడుకున్నారు. వాచ్‌మన్ రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాడు. కార్యవర్గం దాన్ని పరిశీలించి, "నియమంలో ఆవరణ అని ఉన్నది, వసారాకు చూరు మాత్రమే ఉండి నాలుగు గోడలు లేనందున అది ఆవరణ నిర్వచనంలోకి రాదు" అని లాయరు గారి చేత అభిప్రాయం రాయించి ఫైలు మూసింది.

అధ్యక్షులవారు తాను ఆదర్శంగా ఉండాలనుకున్నారు. ఆయనకి స్కూటరు నడపడం రాదు, గుమాస్తా వెనక కూర్చుంటారు. ఇప్పుడు ఇద్దరి మధ్యా వెదురు బద్ద అడ్డం పెట్టుకుని, వెనక లైటు మీదకి జరిగి, గాల్లో సగం కూర్చుని బజారు వెంట పోయేవారు. కూరగాయల వాళ్ళు దారిచ్చేవారు. ఎవరికో కాలు విరిగి కట్టు కట్టించడానికి పోతున్నారనుకున్నారు.

జిల్లా కబడ్డీ పోటీలు దగ్గరపడ్డాయి. దేవసహాయం మేస్టారు పూర్వం ఈ హాస్టలు నుంచే ఆడి కప్పు తెచ్చినాయన. ఆఫీసు గదిలో ఆ ఫోటో ఉండేది, ఏడుగురూ నిక్కర్లు వేసుకుని ఒకడి భుజం మీద ఒకడు చేతులేసుకుని. ఆయన ఒక రోజంతా ఆలోచించారు. సాయంత్రానికి కబడ్డీ సందేహాస్పదమైన ఆట అని ప్రకటించి, జట్టుని విరమింపజేసి, ఆ ఫోటో తానే మేకు నుంచి తీసి బీరువా వెనక పెట్టారు. పెట్టేటప్పుడు ఒకసారి తుడిచారు. అది నేను చూశాను.

తరువాత వంతు డప్పుకొచ్చింది. డప్పు ఆట తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అది జతగా ఆడేది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మోకాళ్ళు వంచి, నడుము తిప్పి, భుజం భుజం రాసుకుంటూ దాటుకోవాలి. ఒకడి దెబ్బకి ఇంకొకడి అడుగు జవాబివ్వాలి. మూరెడు దూరంలో నిలబడితే జవాబు అందదు. దేవసహాయం మేస్టారు దానికి పౌరుష డప్పు అని కొత్త పద్ధతి కనిపెట్టారు. అందరూ అటెన్షన్లో నిలబడాలి. నడుము కదలకూడదు. నవ్వకూడదు. ఒకటి, రెండు అంటే కొట్టాలి. దాన్ని ఒక ప్రభుత్వ సభలో ప్రదర్శించారు. ఏడు నిమిషాలు కొట్టారు. అయిపోయాక ముందు వరసలో ఒకాయన, "ఎప్పుడు మొదలెడతారు?" అని అడిగాడు.

ఆ రోజు తిరిగొచ్చాక ఎలీషా కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. బి.ఎడ్. ఆఖరి సంవత్సరం. ఏప్రిల్లో పరీక్షలు. వాళ్ళది కొండ కింద ఊరు, రోజూ వచ్చిపోయే దూరం కాదు. హాస్టలు లేకపోతే వాడికి చదువు లేదు. వాడు నన్ను పెదనాన్నా అంటాడు, వాళ్ళ నాన్న మా ఊరు వచ్చి మిరపకోతలకి ఉండేవాడు కాబట్టి.

"చేతులు కట్టేసి ఈత కొట్టమంటన్నారు పెదనాన్నా. నువ్వు కూడా సంతకం పెట్టినావంట గదా" అన్నాడు.

వాడు కుళాయి కట్టేసి వెళ్ళిపోయాడు.

మూరెడు దూరం పెట్టి నెల తిరిగినా కార్యవర్గానికి తృప్తి కలగలేదు. దూరం బయటి విషయం, లోపల ఏమున్నదో తెలియాలి కదా అన్నారు. ప్రతి సభ్యుడికీ పురుషత్వ ధ్రువీకరణ పత్రం ఉండాలన్నది అధ్యక్షులవారి ఆలోచన. ముందు ప్రభుత్వాసుపత్రికి రాశారు. అలాంటి పరీక్ష తమ వద్ద లేదని, కావాలంటే కళ్ళు చూస్తామని జవాబొచ్చింది. అప్పుడు జీవరత్నం గారు తన ముప్పై అయిదేళ్ళ రెవెన్యూ అనుభవాన్ని బయటికి తీశారు. రెవెన్యూ వారికి ఏ విషయమైనా నిజమవ్వాలంటే ఒకటే దారి. నోటీసు అంటించాలి, అభ్యంతరాలు పిలవాలి, గడువు ముగియాలి. గడువులోగా ఎవరూ కాదనకపోతే అది నిజం. పొలమైనా అంతే, వారసత్వమైనా అంతే. ఆయనకు తెలిసిన పని అదొక్కటే, అందుకని మగతనానికీ అదే చేశారు.

నోటీసు ఇలా ఉంది: "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఈ దిగువ జాబితాలోని వ్యక్తులు తాము పూర్తి స్థాయి మగవారలమని ప్రకటించుకొని యున్నారు. సదరు విషయమై ఎవరికైనను అభ్యంతరములు ఉన్నచో పదిహేను దినములలోగా ఆధారములతో సహా ఆఫీసు వసారాలోని పెట్టెలో వేయవలెను. గడువు మీరిన అభ్యంతరములు స్వీకరించబడవు."

దానికి జతగా అభ్యంతరాలు రాయడానికి ఒక ఫారం. ఇరవై ఏడు గడులు. నడక, నవ్వు, ఏడుపు, అద్దం ముందు గడుపు సమయం, వంట తెలిసిన యెడల కారణములు. చిట్టచివరి గడి, "ఇతర అనుమానాస్పద మృదుత్వములు."

జాబితాలో విద్యార్థుల పేర్లే పెట్టాలనుకున్నారు. లాయరు గారు చట్టం ముందు అందరూ సమానమన్నారు. దాంతో కార్యవర్గం పేర్లూ ఎక్కాయి. ఎవరికీ భయం కలగలేదు. తన మగతనం మీద అభ్యంతరం చెప్పేవాడు పుట్టాడా అని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. నోటీసుని బోర్డుకి అంటించడంతో ఆగలేదు. పద్ధతి ప్రకారం సభ్యుల ఇళ్ళున్న వీధుల్లో టముకు కూడా వేయించారు. టముకు వేసింది మా డప్పు దళమే. అటెన్షన్లో నిలబడి వేశారు.

పదిహేను రోజులకి పెట్టె నిండింది. నూట నలభై మూడు అభ్యంతరాలు.

దేవసహాయం మేస్టారి మీద ఆయన కోడలు రాసింది. మామయ్య గారు ఎనిమిదిన్నర సీరియల్లో కథానాయిక తల్లి పోయినప్పుడు తువ్వాలు తడిసేలా ఏడ్చారనీ, ఆ రాత్రి అన్నం తినలేదనీ, తేదీతో సహా. లాయరు గారి మీద ఆయన జూనియరు. సీనియరు గారు కోర్టులో పిలుపు రాని రోజుల్లో బెంచీ మీద ఇంకో లాయరు గారి చెయ్యి పట్టుకుని మధ్యాహ్నం దాకా కబుర్లు చెబుతారని. ఇంకొకాయన గోరింటాకు పెట్టుకుంటాడు. ఇంకొకాయన బల్లికి భయపడి మంచమెక్కుతాడు. ఊళ్ళో మా మగవాళ్ళందరూ ఇంత మెత్తటివాళ్ళని నాకు అప్పటిదాకా తెలియదు. చదువుతుంటే వాళ్ళ మీద కాస్త గౌరవం కూడా కలిగింది.

అధ్యక్షులవారి మీద వచ్చింది ఒకటే. దాన్ని రాసింది ఆయన భార్య సుగుణమ్మ గారు. ఆమె హెడ్‌మిస్ట్రెస్‌గా చేశారు. గీతల కాగితం మీద, అంకెలు వేసి, గుండ్రటి చేతిరాత. ఒకటి, వారు నలభై ఏళ్ళుగా ఆదివారం నాకు తల దువ్వి జడ వేస్తారు, నాకంటే బాగా వేస్తారు. రెండు, మల్లెపూలు దారం ముడి పడకుండా మాల కడతారు. మూడు, వారి ప్రాణస్నేహితుడు పోయినప్పుడు ఆయన చొక్కా తెచ్చి దాచుకున్నారు, ఏటా ఉతికి ఆరవేస్తారు. కింద ఇంకో వాక్యం ఉంది. "ఇవి అభ్యంతరాలు కావు. వారిలో నాకు నచ్చిన విషయాలు. మీ ఫారంలో నచ్చినవి రాసే గడి లేదు గనుక ఇక్కడ రాశాను."

ఆ కాగితాన్ని జీవరత్నం గారు రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకోబోయి, దస్త్రం కదా అని మళ్ళీ ఫైల్లో పెట్టారు.

ఇక్కడ నియమం అడ్డొచ్చింది. తన మీద అభ్యంతరం పెండింగులో ఉన్నవాడు ఇతరుల అభ్యంతరాలు విచారించకూడదు. పదకొండు మందిలో పది మంది మీద ఉన్నాయి. లేనిది ఒక్కడి మీద, నా మీద. అది నా మగతనానికి సాక్ష్యం కాదు. టౌన్లో నన్ను ఎరిగినవాళ్ళు లేరు, అంతే. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెబితే, "నాకు చెప్పనే లేదు. చెప్తే రాసేదాన్ని గదా" అంది.

అలా నేను విచారణాధికారినయ్యాను. ఆఫీసు గదిలో కుర్చీ వేశారు, ఎర్ర సిరా పెన్ను ఇచ్చారు. నేను ఒక్కొక్క కాగితం తీసి చదివి, కింద "అభ్యంతరం లేదు" అని రాసి సంతకం పెట్టి పక్కన పెట్టాను. నూట నలభై రెండు అయ్యాయి. పదిమంది కార్యవర్గ సభ్యులూ గది బయట బెంచీ మీద కూర్చుని, తమ కాగితం పక్కకి పడ్డప్పుడల్లా ఊపిరి వదిలారు.

నూట నలభై మూడోది ఎలీషాది. వాడి మీద వాడే రాసుకున్నాడు. తన మీద తానే అభ్యంతరం చెబితే ఏం చెయ్యాలో నియమావళిలో లేదు. రెవెన్యూ పద్ధతిలో ఒప్పుకోలుని బహిరంగంగా నమోదు చెయ్యాలన్నారు అధ్యక్షులవారు.

హాల్లో మంచాలు పక్కకి జరిపి బెంచీలు వేశారు. పిల్లలందరూ మూరెడు దూరంలో కూర్చున్నారు. గురునాథం మూడో వరసలో ఉన్నాడు. విచారణాధికారిని నేనైనా అడిగింది అధ్యక్షులవారే. నాకు అడగడం రాదని అందరికీ తెలుసు.

కాగితంలో "మీ ఫారం ప్రకారం నేను మగవాడిని కాను" అని ఉంది. అంటే ఏ గడి ప్రకారం అని అడిగారు.

ఎలీషా లేచి నిలబడ్డాడు. చేతులు వెనక కట్టుకున్నాడు.

"ఏ గడిలోనూ లేదు సార్. నా మనసు ఆడపిల్లల మీదకి పోదు. మగవాడి మీదకే పోద్ది. చిన్నప్పటి నుంచీ అంతే. మీరు రాయమన్నారు, రాశా."

అధ్యక్షులవారు కళ్ళజోడు తీసి తుడిచారు. తరువాత ఆయన గొంతు మారింది. ప్రొసీడింగ్స్ వదిలేసి మనిషిలా మాట్లాడారు.

"బాబూ, ఇక్కడ నిన్ను నిజం ఎవరూ అడగలేదు. అభ్యంతరం ఉందా లేదా అని మాత్రమే అడిగాం. నువ్వెట్లా ఉంటే మాకెందుకు. ఉండు. ఉన్నట్టు కనపడకు. ఈ కాగితం వెనక్కి తీసుకుని, లేదని ఒక్క సంతకం పెట్టు. రెండు నెలల్లో పరీక్షలు. రాసుకుని పో."

"పెట్టలేను సార్."

"ఎందుకు?"

"మా తాతని ఈ ఊళ్ళో గేటు కాడ నిలబెట్టి మీరెవరు అని అడిగినారంట. ఆయన ఇంకేదో కులం పేరు చెప్పి ఉంటే గది ఇచ్చేవాళ్ళే. చెప్పలేదు, తిరిగొచ్చాడు. ఆ తిరిగొచ్చినోళ్ళ కోసమే గదా ఈ ఇల్లు కట్టింది?"

ఆ మాటకి దేవసహాయం మేస్టారు నేల వైపు చూశారు. లాయరు గారు లేచి, అది వేరు ఇది వేరు అన్నారు. ఎట్లా వేరో మరో సందర్భంలో వివరిస్తామన్నారు. అధ్యక్షులవారు మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నారు. దాంతో ప్రొసీడింగ్స్ కూడా తిరిగొచ్చాయి.

"సదరు రెండవ వ్యక్తి పేరు చెప్పవలెను."

"రెండో మనిషి పేరు మీ ఫారంలో అడగలేదు సార్. నేను చెప్పను."

మూడో వరసలో గురునాథం తల వంచుకుని మోకాళ్ళ మీద పెట్టుకున్న తన చేతుల వంక చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

నేను ఎర్ర పెన్ను తీశాను. కాగితం కింద రాశాను. రాసింది అందరికీ కనపడదు కాబట్టి పైకి కూడా చెప్పాను.

"అభ్యంతరం లేదు."

పదేళ్ళలో అది మూడోసారి నేను మాట్లాడటం. ఎవరో ఫ్యాను స్విచ్చి వైపు చూశారు.

కార్యవర్గం పక్క గదిలో పావుగంట సమావేశమైంది. నన్నూ పిలిచారు. లాయరు గారికి చట్టం తెలుసు, ఆ పావుగంటలో ఆయన అది ఎంత లాగితే అంత సాగుతుందని చూపించారు. క్లాజు పద్నాలుగు (బి)ని రద్దు చేస్తున్నామన్నారు. ఇవాళ్టి నుంచి కాదు, పుట్టినప్పటి నుంచి. అంటే ఆ క్లాజు ఎప్పుడూ లేదు. లేని క్లాజు కింద వచ్చిన నూట నలభై మూడు అభ్యంతరాలూ రాలేదు. బల్లికి ఎవరూ భయపడలేదు, సీరియలు చూసి ఎవరూ ఏడవలేదు. విచారణ జరగలేదు కనుక విచారణాధికారి లేడు. ఆయన రాసిన "అభ్యంతరం లేదు" కూడా లేదు.

అయితే ఎలీషా హాల్లో నిలబడి నోటితో చెప్పినది ఏ క్లాజు కిందకీ రాదు. అది కాగితం కాదు, మాట. మాటను రద్దు చేసే అధికారం కార్యవర్గానికి లేదు. దానికి వారు చాలా విచారిస్తున్నారు. అందుచేత సంఘ ప్రతిష్ఠ దృష్ట్యా సదరు విద్యార్థి సోమవారం మధ్యాహ్నంలోగా స్వచ్ఛందంగా హాస్టలు ఖాళీ చేయునట్లు తీర్మానించడమైనది.

రిజిస్టరు చేతులు మారింది. అయిదు సంతకాలయ్యాక నా ముందుకొచ్చింది. నేను పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టాను. గుమాస్తా కాసేపు చూసి, రిజిస్టరు ఏడో ఆయన ముందుకి జరిపాడు. చివర్లో "ఏకగ్రీవం" అని రాశారు. ఒక గడి ఖాళీగా ఉంది కదా అని గుమాస్తా అడిగాడు.

"ఆయన మాట్లాడలేదు గదా. మౌనం అంగీకారమే. పదేళ్ళుగా అట్లాగే లెక్కవేస్తున్నాం" అన్నారు అధ్యక్షులవారు.

అది నిజం. పదేళ్ళుగా అట్లాగే జరిగింది.

ఆ సాయంత్రానికే మంచాలు జానెడు దూరానికి వచ్చేశాయి. వెదురు బద్దలు వంట పొయ్యిలోకి పోయాయి. కబడ్డీ జట్టు మళ్ళీ పేరు నమోదు చేయించుకుంది. బీరువా వెనక నుంచి ఫోటో బయటికొచ్చి మేకు ఎక్కింది. అధ్యక్షులవారు గుమాస్తా నడుము పట్టుకుని స్కూటరు మీద హాయిగా ఇంటికి పోయారు. సంఘం ఎప్పటిలాగే ఉంది. అంతా ఎప్పటిలాగే ఉండటానికి ఒక్క మంచం ఖాళీ చేయిస్తే సరిపోయింది.

ఎలీషా మూడు రోజులు గది కోసం తిరిగాడు. మొదటి ఇంట్లో ఏం వాళ్ళని అడిగారు. చెబితే, మొన్ననే ఇచ్చేశామన్నారు. రెండో ఇంట్లో కూడా అడిగారు. మూడో ఇల్లు మా వాళ్ళదే. వాళ్ళు అడగలేదు. టముకూ విన్నారు, తరువాతి సంగతీ విన్నారు. లోపల నుంచే తలుపు వేశారు.

సోమవారం పదింటి బస్సుకి నేను వెళ్ళాను. వాడు రేకు పెట్టెకి తాళం వేసి, హాలు గడప మీద కూర్చుని ఉన్నాడు. పుస్తకాలు తాడుతో కట్టి ఉన్నాయి. డప్పు హాస్టలుది, అందుకని లోపలే వదిలేశాడు. పిల్లలందరూ కిటికీల దగ్గరున్నారు. కార్యవర్గం తరఫున దేవసహాయం మేస్టారు వసారాలో నిలబడి గడియారం చూసుకుంటున్నారు.

"పద" అన్నాను.

వాడు నా వంక చూశాడు. "ఎక్కడికి పెదనాన్నా?"

"మా ఇంట్లో ఉండి రాసుకో పరీక్షలు. బస్సుంది."

పెట్టె బరువుగా ఉంది, ఒక్కడు ఎత్తేది కాదు. నేను వంగబోతే ఎవరో వచ్చి రెండో పిడి పట్టుకున్నారు. గురునాథం. అన్ని కిటికీలూ చూస్తుండగానే పట్టుకున్నాడు. దేవసహాయం మేస్టారు వాడిని పేరు పెట్టి పిలిచారు.

"ఒరే, నువ్వెక్కడికిరా? నీకు ఖాళీ చెయ్యమని చెప్పలేదు గదా."

"నాకు చెప్పలేదు మేస్టారూ. పెట్టె మోసుకుపోతన్నా" అన్నాడు గురునాథం. కాస్త ఆగి, "ఎలీషా చెప్పనన్న రెండో పేరు నాదే. రాసుకోండి" అన్నాడు.

మేస్టారి దగ్గర కాగితం లేదు. ఆయన జేబులు తడుముకుంటుండగానే మేం గేటు దాటాం.

బస్సులో ముగ్గురం ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. దిగాక పెట్టె వాళ్ళిద్దరూ పట్టుకున్నారు, పుస్తకాల కట్ట నేను పట్టుకున్నాను.

బస్సెక్కేటప్పుడే ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడకి ఇద్దరికి బియ్యం ఎక్కువ పొయ్యమని మాత్రం చెప్పాను. ఆమె వాకిట్లో నీళ్ళ బకెట్టు పెట్టి నిలబడి ఉంది. ఇద్దరి ముఖాలూ చూసింది, పెట్టెని చూసింది, నన్ను చూసింది. వివరం అడుగుతుందనుకున్నాను.

"పరీక్షలు ఎప్పటి నుంచి?" అని అడిగింది.

"ఏప్రిల్ పదమూడు నుంచి అమ్మా" అన్నాడు ఎలీషా.

"కాళ్ళు కడుక్కోండి. చల్లారిపోద్ది."

నలుగురం నేల మీద కూర్చున్నాం. గోంగూర పప్పు, ఎండుచేపల వేపుడు, కుండలో మజ్జిగ. మా ఆవిడ ముందు వాళ్ళిద్దరికీ వడ్డించింది. ఎలీషా మొదటి ముద్ద కలిపి చాలాసేపు చేతిలోనే పెట్టుకున్నాడు. తరువాత తిన్నాడు. గురునాథం తలెత్తకుండా తిన్నాడు. మా ఆవిడ అడక్కుండానే ఇంకో గరిటె అన్నం వేసింది, వాళ్ళు వద్దనలేదు. పప్పు గిన్నె ఒకరి నుంచి ఒకరికి జరిగింది.